రాళ్ల సొమ్ములో బడి వాటా

క్వారీ యజమాని బడికి పది బెంచీలు ఇస్తే మరుసటి రోజు పేపర్లో ఫొటో వస్తుంది. హెడ్మాస్టరు శాలువా కప్పుతారు, గోడ మీద దాత పేరు రాయిస్తారు. అదే యజమాని చట్టప్రకారం జిల్లా ఖనిజ నిధికి కట్టిన డబ్బులో ఆ బడికి ఎంత రావాలి, ఎంత వచ్చింది అని మాత్రం ఎవరూ అడగరు. దానంగా వస్తే దండం పెడతాం, హక్కుగా రావలసిన దాన్ని మరిచిపోతాం.

హిందూపురం, పెనుకొండ, మడకశిర పక్క గ్రానైట్ క్వారీలకు, కంకర మిషన్లకు కొదవ లేదు. అటు బెంగళూరు పెరుగుతోంది, ఇటు 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు బయటికొచ్చినప్పటి నుంచి రోడ్లు, షెడ్లు, వెంచర్లు లేస్తూనే ఉన్నాయి. అన్నిటికీ కంకర కావాలి. సోమందేపల్లి హైవే పక్క ఊరు కనుక టిప్పర్లు కొత్త కాదు.

క్రషర్‌కు గాలివాటున పడిన బడి సంగతి అక్కడ పాఠం చెప్పే సార్లకు తెలుసు. పొద్దున తుడిచిన బెంచీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. గాలి ఇటు తిరిగిందంటే కిటికీలు మూయాలి. ఏప్రిల్ ఎండలో మూసిన గదిలో పిల్లలు ఉడికిపోతారు. వంటామె గుడ్లు ఒలిచి గిన్నె మీద తట్ట బోర్లిస్తుంది. సైరన్ మోగితే ఎక్కం మధ్యలో ఆగుతుంది, బండ పేలాక మళ్లీ అక్కడి నుంచే.

ఈ నష్టాన్ని చట్టం గుర్తించకపోలేదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలో ఒక ఖనిజ నిధి పెట్టమన్నారు. గ్రానైట్, కంకర చిన్న ఖనిజాల కింద వస్తాయి. వాటి లీజుదారుల నుంచి కూడా సీనరేజికి (తవ్విన రాయి మీద ప్రభుత్వానికి కట్టే రుసుముకు) అదనంగా ఈ నిధికి వసూలు చేస్తున్నారు. నిధికి కలెక్టరు అధ్యక్షుడు, ఎంపీ, ఎమ్మెల్యేలు సభ్యులు. 2024లో కేంద్రం సవరించిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, కాలుష్య నివారణ, వైద్యం, చదువు వంటి ముఖ్యావసరాలకు పోవాలి. అంటే పర్యావరణం, బడి రెండూ ఒకే పద్దులో ఉన్నాయి. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

నా భయమల్లా ఆ పద్దు గురించే. బడికి గోడ కావాలంటే గుట్ట పగలాలి అన్న లెక్క ఊళ్లో కుదురుకుందంటే, దుమ్ము మీద ఫిర్యాదు చేసేవాడు బడికే శత్రువు అవుతాడు. అమెరికాలో ఈ పేచీ ఎప్పటిదో. 1785 భూ చట్టం ప్రతి టౌన్‌షిప్‌లోని 36 భాగాల్లో ఒకదాన్ని బడుల కోసం పక్కన పెట్టింది. తరవాత పశ్చిమ రాష్ట్రాల్లో ఆ భూముల మీద చెట్లు కొట్టి బడులకు డబ్బు చేర్చడం రివాజైంది. అడవిని కాపాడాలన్నవాళ్లను పిల్లల నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నారన్నారు. చివరికి ఒరెగాన్ రాష్ట్రం అలాంటి బడి భూముల్లోని ఎలియట్ అడవి కోసం బడుల నిధికి 22 కోట్ల పైచిలుకు డాలర్లు చెల్లించి, 2022లో ఆ అడవికి సంపాదించే బాధ్యత తప్పించింది. చెట్టు ఖరీదు చెట్టుకు, చదువు ఖర్చు ఖజానాకు. నాకది సబబుగా తోస్తుంది.

మన ఖజానా సంగతి చూడండి. సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాది మొత్తానికి వచ్చే గ్రాంటు 10 వేలు. చాక్‌పీసులు, కరెంటు బిల్లు, రిజిస్టర్లు, చిన్నాచితకా రిపేర్లు అన్నీ అందులోనే. పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం పథకంలో చెప్పేది 15 వేలు, తల్లి ఖాతాలో పడేది 13 వేలు. మిగతా రెండు వేలు బడి, మరుగుదొడ్ల నిర్వహణకు. ప్రభుత్వాలు మారినా, పథకం పేరు మారినా ఈ కోత మారలేదు. మరుగుదొడ్డి కడిగించడం తల్లి వంతు, దుమ్ము లేపేవాడి సొమ్ము మాత్రం కలెక్టరేటులో ఫైళ్ల వంతు.

కోర్టులు చూడలేదని కాదు. ఐదు హెక్టార్ల లోపు చిన్న క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లోనే దీపక్ కుమార్ కేసులో చెప్పింది. బడి ఆవరణల్లో గ్రామ సచివాలయాలు కట్టొద్దన్న ఆదేశాన్ని పెడచెవిన పెట్టారని 2022 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి ఎనిమిది మంది ఐఏఎస్‌లకు జైలుశిక్ష వేసి, క్షమాపణ చెప్పాక హాస్టళ్లలో సేవ చేయమన్నారు. సచివాలయం కంటికి కనిపించే కట్టడం కనుక కేసు నిలిచింది. దుమ్మును కొలిచి కాగితం మీద పెట్టేవాళ్లేరీ? కాలుష్య మండలి వాళ్లు బడి గుమ్మంలో యంత్రం పెట్టి నెల రోజులు కొలిస్తే క్వారీవాళ్ల మాటా తేలిపోతుంది, ఊరివాళ్ల మాటా తేలిపోతుంది.

ఖనిజ నిధి వద్దని నేననడం లేదు. అది దెబ్బకు మందు. కిటికీలకు అద్దాలు, క్రషర్ వైపు చెట్ల వరస, పిల్లల ఊపిరితిత్తుల పరీక్ష, నీళ్ల ట్యాంకుకు మూత: ఇవి ఆ నిధి నుంచి రావాలి, అదీ ముందు గాలివాటున ఉన్న బడికి. టీచరు, గది, పుస్తకం బడ్జెట్ నుంచే రావాలి, గుట్ట ఉన్నా లేకున్నా. రామగిరిలో బంగారు గనులు మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. అక్కడి పిల్లలకు బడి అక్కర్లేకుండా పోలేదు కదా.

విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది తల్లిదండ్రుల కమిటీ. ఖనిజ నిధి పనుల్లో గ్రామసభ మాటకు చోటుంది, నిధి ఏటా నివేదిక బయటపెట్టాలి. ఈసారి గ్రామసభకు కమిటీవాళ్లు ఆ నివేదికా, తమ ప్రణాళికా రెండూ పట్టుకుపోయి, మా బడి పేరు ఇందులో ఏ పేజీలో ఉందో చూపించండని అడగాలి.