బొంతలోని వస్త్రచరిత్ర

ఫ్రాన్సు దేశమున పదునెనిమిదవ శతాబ్దమునాటి అద్దకపు నూలుగుడ్డలతో కుట్టిన బొంతలు నేడు వస్తుప్రదర్శనశాలలలో అద్దాల బీరువాల కెక్కినవి. బండారులంక నేతచీరలతో మన అమ్మమ్మలు, నానీలు కుట్టిన బొంతలు ధాన్యపు బస్తాల క్రిందికి చేరుచున్నవి. ఈ తారతమ్యము మాకు న్యాయముగా తోచుట లేదు.

ఆ ఫ్రెంచి గుడ్డల పుట్టుపూర్వోత్తరములు విచారించినచో దారి మన తీరమునకే వచ్చును. 1669లో గోలకొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచివారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. అచ్చటినుండి ఓడలకెక్కిన సరకులలో కలంకారీ దుప్పట్లు ముఖ్యమైనవి. వానిని ఐరోపావారు ‘పాలంపోర్’ అనిరి. అది మన ‘పలంగ్‌పోష్’ అని ఉర్దూ విద్యార్థులకు వేరుగ చెప్పవలెనా? కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై పటికతో రూపము దిద్ది, చిరివేరు రసమున ఉడికించిన ఎరుపు ఎన్ని ఉతుకులకును చెదరదు. ఇనుము, బెల్లము ఊరవేసి తీసిన నలుపును అంతే. నీటిలో నిలువని రంగులకు అలవాటుపడిన ఐరోపావారికి ఇది అబ్బురమయ్యెను.

వారి పట్టు, ఉన్ని నేతగాండ్రు మొఱపెట్టుకొనగా 1686లో ఆ దేశప్రభుత్వము ఈ గుడ్డల దిగుమతిని, అనుకరణను గూడ నిషేధించెను. నిషేధము 1759 వరకు సాగెను. జనులు మాత్రము చాటుమాటుగ కొనుచునే యుండిరి. మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ అను అద్దకపుపనివాడు జూయీ గ్రామమున కర్మాగారము స్థాపించెను. 1770 నుండి రాగిపలకలతో అద్దుట మొదలిడెను. వారు మన విద్యను అపహరించిరని కొందఱందురు. మేమంతమాట అనము. నేర్చినవాడు తనదికూడ కొంత చేర్చెను. నేర్పినవాని పేరు మఱచుటయే తప్పు.

మన దేశమునను 1985లో కొన్ని వస్త్రములను చేతిమగ్గమునకే ప్రత్యేకించుచు చట్టము చేసిరి. అయినను మరమగ్గపు చీర చేనేత పేరుతో అంగడిలో అమ్ముడగుచునే యున్నది. డెబ్బదిమూడేండ్ల ఫ్రెంచి నిషేధము సాధింపలేనిది మన చట్టమొక్కటే సాధించునని నమ్ముట కష్టము. కొనువాని కంటికి భేదము తెలియవలెను. ఆ కన్ను అలవడుటకు పాతగుడ్డను మించిన గురువు లేదు.

ఇక్కడనే బొంత అక్కఱకు వచ్చును. పైపొర చిరిగిన కొలది మఱియొక చీర కప్పి కుట్టుట మన ఇండ్ల వాడుక. కావున లోపొరలు ఎండ కన్నెఱుగక, అంచు, బుటా, రంగు చెక్కుచెదరక యుండవచ్చును. నేతగాని ఇంటనైన మిగులని నమూనా బొంతలో దాగియుండవచ్చును. ఫ్రెంచి బొంతలను పరిశీలించువారును కుట్టు విడిన చోటనే ముందుగా తొంగిచూతురు. బొంత పేదఱికపు గుఱుతని సిగ్గుపడువారు దీనిని గమనింపవలెను.

బండారులంకనుండియు, చుట్టుపట్ల గ్రామములనుండియు మన కళాశాలకు వచ్చు విద్యార్థినీ విద్యార్థులు ఈ వేసవి సెలవులలో ఇంటనున్న పాత బొంతనొకదానిని విప్పక, ఉతుకక, కుట్టు విడినచోట పరికింపుడు. అది ఎవరి చీర, ఎవరి పెండ్లినాటిది, ఏ మగ్గముపై నేసినది అని పెద్దలనడిగి వ్రాసికొనుడు. తెలుగున వ్రాసినను, ఉర్దూలో వ్రాసినను సరియే. పెద్దలున్నప్పుడే అడుగుడు.