పసుపు అట్ట, పాన్ డబ్బా



మిరప చేన్ల పసుపు జిగురు అట్టలు ఎందుకు కడతమో మనకు తెలుసు. ఆ రంగు కనపడితే చాలు, తెల్లదోమ వచ్చి అంటుకుంటది. దానికి బుద్ధి లేదని మనం తిట్టం. రంగే దాన్ని పిలుస్తదని తెలుసు. మరి సిగరెట్ తాగేవాణ్ణి మాత్రం ఎందుకు తిడతం?

మొన్న ఉద్యాన శాఖల పని ఉండి నాంపల్లి పోయిన. నేను సిగరెట్ మానేసి 14 నెలలు. ఊర్లో, చేను దగ్గర ఉన్నన్ని దినాలు దాని ఊసే రాలేదు. స్టేషన్ బయటికి వచ్చిన్నో లేదో, ఎదురుగా పాన్ డబ్బా. వరసగా పేర్చిన పెట్టెలు, రంగు అంచులు బయటికి. దారానికి వేలాడే లైటర్. నా చెయ్యి దానంతట అదే చొక్కా జేబు మీదికి పోయింది. ఎట్లనో తప్పించుకున్న.

పని అయినంక పిల్లల పుస్తకాల కోసం అబిడ్స్ దిక్కు నడిచిన. జీపీఓ దగ్గర చాయ్ తాగుదామని ఆగిన. పక్కన ఇద్దరు, ఒక చేతిల చాయ్, ఇంకో చేతిల సిగరెట్. 25 ఏండ్లు నేను తాగింది అట్లనే. అబద్ధం ఎందుకు, ఒకటి కొన్న. రెండు దమ్ములు కొట్టి పారేసిన, కానీ కొన్న.

దీన్ని ఉత్త మనసు బలహీనత అనకండి. పొగతో పోయిన నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతది, అక్కడ డోపమైన్ విడుదలవుతది. ఆ సుఖంతో పాటు కంటికి ఆనిన పెట్టె, లైటర్, చాయ్ కప్పు అన్నిటినీ మెదడు కలిపి గుర్తు పెట్టుకుంటది. మానేసినంక నికోటిన్ కొద్ది రోజుల్లో ఒంట్లోంచి పోతది. ఆ గుర్తు మాత్రం ఏండ్లు ఉంటది.

2003 చట్టం సిగరెట్ ప్రకటనలను నిషేధించింది. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం హెచ్చరికే ఉండాలె. మంచిదే. కానీ నాలాంటోడు కొనేది విడి సిగరెట్. పెట్టె చేతికే రాదు, ఇంక హెచ్చరిక చదివేదెక్కడ? దుకాణం ముందర పేర్చిన వరసే అసలు ప్రకటన. ఇంగ్లండ్‌లో 2015 నుంచి చిన్న దుకాణాల్లో కూడా సిగరెట్లు కనపడకుండా మూసి పెట్టాలె. అమ్ముకోవచ్చు, అడిగితే తీసి ఇయ్యొచ్చు. ఇక్కడ కూడా అదే రూలు రావాలె. డబ్బా నడిపే అన్న పొట్ట కొట్టమంటలేను, ఆ వరసకు ఒక తలుపు పెట్టమంటున్న.

అది వచ్చేదాక, మానేసినోళ్లకు నాదొక మాట. ఆ గుంజుడు కొద్ది నిమిషాలే ఉంటది. రోడ్డు దాటండి, నీళ్లు తాగండి, ఇంటికి ఫోన్ చెయ్యండి. పెట్టె మీదనే ఉండే 1800-11-2356 కు చేసినా సరే, పైసలు పడవు.

నేను మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క పెడుతున్న. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తది.