మోటారు ప్రమాదములు: బోనులో నిలువవలసినవారెవరు?

మన దేశమున 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. వీరందఱు ఒక్కనాడు ఒక్కచోట మడిసియున్నచో దేశమంతయు అట్టుడికియుండును. ఒక్కొక్కరుగా ఒక్కొక్క మలుపున పోవుచున్నారు గనుక పత్రికలో మూడు పంక్తులతో వారి కథ ముగియుచున్నది. ఈ మరణములకు వాహనము నడిపినవానిని ఎంతవఱకు శిక్షింపవలెనను ప్రశ్నను ఆవేశము విడిచి విచారింపవలసియున్నది.

1860 నాటి శిక్షాస్మృతిలో అజాగ్రత్తచే ప్రాణహాని కలిగించుటకు ప్రత్యేక నిబంధన లేకుండెను. 1870లో 304-ఎ సెక్షను చేర్చి, రెండేండ్లకు మించని ఖైదు నిర్ణయించిరి. మన రోడ్లపై మోటారుబండి కానరాకముందు వ్రాయబడిన ఆ నిబంధనయే నూటయేబది యేండ్లకు పైగా చెల్లినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత, 106వ సెక్షనున, ఈ శిక్షను అయిదేండ్లవఱకు పెంచినది. త్రాగి నడిపినచో ప్రాణములు పోవచ్చునని యెఱిగియు నడిపినవానికి అంతకంటె పెద్ద నేరమే వర్తింపగలదు. 2006లో ముంబయి కాలిబాటపై నిదురించుచున్న ఏడుగురు కారుక్రింద పడి మరణించిన కేసున, 2012లో సుప్రీంకోర్టు ఈ సూత్రమునే స్థిరపఱచినది.

వివాదమంతయు 106వ సెక్షనులోని రెండవ ఉపవిభాగముపై రేగినది. ప్రాణహాని కలిగించి, పిమ్మట పోలీసు అధికారికిగాని మేజిస్ట్రేటుకుగాని తెలుపక పాఱిపోయిన డ్రైవరుకు పదేండ్లవఱకు ఖైదని అందు కలదు. 2024 జనవరి మొదట లారీ డ్రైవర్లు సమ్మె కట్టిరి. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనము బారులు తీరిరి. ప్రభుత్వము వెనుకకు తగ్గి, ఫిబ్రవరి ప్రకటనలో ఈ ఉపవిభాగమును అమలునుండి మినహాయించెను.

ఆగినచో జనము కొట్టి చంపుదురని డ్రైవర్ల మొఱ. ఈ భయము కల్పితము కాదు. చట్టమే దీనిని గుర్తించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 134వ సెక్షనున, గాయపడినవారిని వైద్యునికడకు చేర్చుట డ్రైవరు విధియని చెప్పుచునే, జనాగ్రహమువలన సాధ్యము కానిచో మినహాయింపు నిచ్చినది. కొత్త నిబంధనయు అక్కడనే నిలిచి దెబ్బలు తినుమనలేదు, సమాచార మిమ్మన్నది. గుంపునకు వెఱచి తిన్నగా ఠాణాకు పోయి చెప్పినవానికి అది వర్తింపదు. ఈ మాటను లారీ అడ్డాలలో డ్రైవర్లకు వారి భాషలో ముందే తెలిపియున్నచో సమ్మె తప్పియుండునేమో!

ప్రమాదము చేతి తప్పు. పాఱిపోవుట మనసు తప్పు. నెత్తురోడుచున్న మనిషిని చీకటిలో విడిచిపోవుట అతనికి మిగిలిన ఒక్క ఆశను గూడ త్రుంచుటయే. రెండు తప్పులకును ఒకే శిక్ష న్యాయము కాదు. కావున ఆ ఉపవిభాగమును అటకెక్కించుటను మేము సమర్థింపజాలము. ఠాణాకు వచ్చిన డ్రైవరుకు రక్షణయు, శిక్షలో తగ్గింపును స్పష్టముగ చేర్చి దానిని అమలుపఱుపవలెను.

ఇంతటితో న్యాయము పూర్తికాదు. మోటారు రవాణా కార్మికులచే దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయింపరాదని 1961 నాటి చట్టము సామాన్యముగ విధించియుండెను. రెండు రాత్రులు కునుకులేనివానిచే మూడవరాత్రియు బండి తోలించి, సరుకు తెల్లవాఱకముందు చేరకున్న కూలి కోసెదనన్న యజమాని బోనులో కానరాడు. మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికిని యజమానికిని మూడేండ్లవఱకు ఖైదని 2019 సవరణ శాసించినది. బాలునికి తాళముచెవి యిచ్చినవాడు దోషియైనపుడు, నిద్రలేనివాని చేతిలో పెట్టినవాడు నిర్దోషి యెట్లగును?

తుదకు మన విధియు కలదు. ప్రమాదస్థలమున చేయి లేపుటకు ముందు 108కి ఫోను చేయవలెను. సహాయము చేసినవారిని కేసులనుండి కాపాడు 134-ఎ సెక్షను కూడ 2019లోనే చేరినది. గుంపు తనను కొట్టదని డ్రైవరుకు నమ్మకము కలిగింపగలిగిననాడే, పాఱిపోయినవానికి క్షమాపణ లేదని నిండుమనసుతో చెప్పు హక్కు మనకు గలుగును.