చుక్క పెట్టినంతనే గురి కుదురుతుందా?

ఈ మాసం మాకు వచ్చిన ఉత్తరాలలో రెండు ఒకే సంగతిని గురించి ఉన్నాయి. ఒకటి మన బళ్లారి వాస్తవ్యులైన ఒక తండ్రిగారిది. వారి పదమూడేళ్ల కుమార్తె ఎయిర్ పిస్తోలు పోటీలకు అభ్యాసం మొదలుపెట్టిందట. "కాలం మారింది గదప్పా, ఇప్పుడు ఎర్రచుక్క సైట్లు వచ్చినాయి. ఇంట్లో రెండు గాజులు కుదువబెట్టి అయినా మంచి పిస్తోలు, దానిమీదికి ఆ చుక్క సైటు కొనిపెడితే పిల్ల తొందరగా పైకి రాదా?" అని వారి ప్రశ్న. రెండవది ఉద్యోగం విరమించిన ఒక పెద్దలది. వారికి గురి కొట్టడం చిన్ననాటి సరదా. ఇప్పుడు ముందరి మొన కంటికి ఆనడం లేదనీ, చుక్క పెట్టుకుంటే అది మోసమవుతుందా అనీ అడిగారు. గాజుల మాట వచ్చింది కనుక ఆలస్యం చేయకుండా ఇద్దరికీ ఇక్కడే జవాబు వ్రాస్తున్నాము.

మామూలు పిస్తోలుకు గురి చూచే సాధనం రెండు తునకలు. గొట్టం కొసన నిలువుగా ఒక చిన్న పలక. వెనుక, చేతికి దగ్గరగా, చతురంగా కోసిన ఒక గంటు. ఆ గంటులో ఈ పలక సరిగ్గా నడుమ నిలవాలి. రెండు ప్రక్కలా వెలుతురు సమంగా కనిపించాలి; పైఅంచులు ఒకే మట్టంలో ఉండాలి. అప్పుడు ఆ జతను నల్లని గురిబిళ్ల క్రిందికి తీసుకురావాలి. గంటు ఒక దూరాన, పలక ఒక దూరాన, బిళ్ల మరొక దూరాన ఉంటాయి. మానవుని కన్ను ఈ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. అందుకే గురువులు మొదటిరోజే చెప్పే మాట ఒకటున్నది: బిళ్ల మసకబారితే బారనీ, ముందరి పలకను చూడు.

ఇది చాదస్తం కాదు, లెక్క. పది మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లే. చేయి మొత్తం ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగితే, పిస్తోలు వంగనంతవరకు, గుండు కూడా ఒక మిల్లీమీటరే జరుగుతుంది. అదే మణికట్టు వంగి, పలకకూ గంటుకూ మధ్య ఒక మిల్లీమీటరు తేడా వచ్చిందనుకోండి. ఆ రెండింటి నడుమ దూరం 160 మిల్లీమీటర్లయితే, పది మీటర్ల దగ్గర ఆ తేడా 62 మిల్లీమీటర్లవుతుంది. గుండు నల్లబిళ్ల దాటి తెల్లకాగితంలో పడుతుంది. చేయి వణికినందుకు పడే జరిమానా స్వల్పం. మణికట్టు వంగినందుకు పడేది ఘనం.

ఇక ఎర్రచుక్క సంగతి. ఇది పూర్తిగా నేటి వింత కాదు. డబ్లిన్ నగరానికి చెందిన సర్ హోవర్డ్ గ్రబ్ 1900లోనే ఈ సూత్రానికి పేటెంటు పొందారు. తరువాత యుద్ధవిమానాలలో గురి చూడడానికి ఇది పనికివచ్చింది. చిన్న దీపంతో, బ్యాటరీతో నడిచే తుపాకీ సైటును స్వీడన్ దేశపు ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1975లో తెచ్చింది. పనిచేసే తీరు సులభమే. కొంచెం వంపుగల ఒక చిన్న అద్దం, దాని నాభిస్థానంలో సన్నని ఎర్రదీపం. అద్దంమీది పూత ఎర్రకాంతిని మాత్రం వెనుకకు కంటివైపు పంపుతుంది. తక్కిన వెలుతురును పోనిస్తుంది. చుక్క అద్దంమీద కాక ఎదుట బిళ్లమీదనే ఉన్నట్లు కంటికి తోస్తుంది. కిరణమేదీ పోయి బిళ్లను తాకదు. లేజరు వేరు, ఇది వేరు.

కనుక చుక్కతో గురి చూచేవారు రెండు తునకలు కలపనక్కరలేదు. బిళ్లనే చూస్తూ చుక్కను దానిమీద ఉంచితే చాలు. ఇది గొప్ప సౌకర్యమే. అయితే చుక్క ఒక పని చేయదు, చేతిని నిలపదు. పైగా ఇంతవరకు మసకలో దాగిన వణుకును ఎర్రగా చూపిస్తుంది. కొత్తవారు ఆ ఆడే చుక్కను చూచి బెదురుతారు. అది నడుమకు వచ్చిన క్షణాన లటుక్కున మీట లాగుతారు. ఆ లాగుడుతోనే మణికట్టు వంగుతుంది. తప్పెవరిదని అడిగితే సైటుదంటారు. రాఘవగారి ఊరివాళ్లం మనం. రంగస్థలం మీద మంచి దీపం వెలిగించినంత మాత్రాన వేషధారి నటుడు కాడని మనకు వేరే చెప్పాలా?

అసలు సంగతి నియమాలలో ఉన్నది. ఒలింపిక్ పద్ధతి పోటీలను నడిపే అంతర్జాతీయ సమాఖ్య, అంటే ఐఎస్ఎస్ఎఫ్, పిస్తోలుమీద తెరపి సైటును మాత్రమే అనుమతిస్తుంది. అద్దాల సైటు, దూరదర్శిని, లేజరు, ఎర్రచుక్క అన్నీ నిషిద్ధం. పిస్తోలు 1500 గ్రాములు మించరాదు. మీట కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. పోటీకి ముందు ఇవన్నీ పరీక్షిస్తారు. మరొక చిత్రమైన నియమం కూడా ఉన్నది. చూపును సరిచేసే అద్దం ఆటగాని ముఖంమీద ఉండవచ్చును గాని పిస్తోలుమీద ఉండరాదు. మన దేశంలో 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం కూడా ఒలింపిక్ పోటీలకు ఈ నియమాలనే అనుసరిస్తుంది. తండ్రిగారు గాజులు కుదువబెట్టి కొన్న చుక్కను పరీక్షబల్ల దగ్గరే విప్పి పక్కన పెట్టవలసి వస్తుంది. అప్పుడు ఆ పిల్ల ఏ పలకనూ గంటునూ కలపడం నేర్చుకోలేదో, వాటితోనే 75 నిమిషాలలో 60 గుండ్లు కొట్టవలసి వస్తుంది.

తెరపి సైటుతో పిల్లలు పైకి రాలేరేమోనన్న సందేహం అక్కరలేదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో జాతీయ పోటీలలో పెద్దల విభాగంలోనే పది మీటర్ల ఎయిర్ పిస్తోలు స్వర్ణం గెలిచినప్పుడు ఆమె వయస్సు 13 సంవత్సరాలు. ఆనాడు ఆమె వెనుక నిలిచినవారిలో మనూ భాకర్, హీనా సిద్ధూ ఉన్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఈషా ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ స్వర్ణం 25 మీటర్ల జట్టు పోటీలోది. అందులో సగం గుండ్లకు బిళ్ల మూడు సెకన్లపాటే దొరుకుతుంది. ఆ మూడు సెకన్లలో చేయి లేపి, పలకను గంటులో నిలిపి, మీట నొక్కాలి. అంత వేగంలోనూ ఆ అమ్మాయికి తోడున్నవి ఆ రెండు తునకలే.

పనిముట్టుమీదనే భారం వేయరాదనడానికి మనూ భాకర్ కథ చాలు. 2021లో టోకియోలో పోటీ నడుమ ఆమె పిస్తోలు చెడి, బాగుచేసేసరికి విలువైన నిమిషాలు గడిచిపోయాయి, ఫైనలు తప్పిపోయింది. 2024లో పారిస్‌లో ఆమెయే రెండు కాంస్యాలు గెలిచింది. పనిముట్టు మంచిదే కావాలి, కాదనము. కాని అది మొరాయించిన రోజున మనిషిని నిలబెట్టేది లోపలి సాధన.

ఇప్పుడు పెద్దలవారి ప్రశ్న. నలభై దాటితే దగ్గరి వస్తువు మసకబారడం సృష్టిధర్మం. మనం చత్వారం అంటాము. మన కన్నడ సోదరులు చాళీసు అంటారు. రెండు మాటలలోనూ నలభై అంకే దాగి ఉన్నది. పిస్తోలు ముందరి పలక చాచిన చేతి దూరంలో ఉంటుంది కనుక చత్వారం దానినీ దెబ్బతీస్తుంది. చుక్క దూరపు వస్తువుతోపాటే కనిపిస్తుంది కనుక ఈ వయస్సులో అది నిజంగా ఉపకారి. అందులో మోసమేమీ లేదు. ఒప్పుకున్న నియమాన్ని దాటితేనే మోసం. 1976లో ఏర్పడిన ఐపీఎస్‌సీ అనే సమాఖ్య నడిపే వేగపు పోటీలలో ఓపెన్ అనే విభాగం ఉన్నది. అందులో చుక్క సైటు చెల్లుతుంది. చుక్క లేనివారికి వేరే విభాగాలున్నాయి. ఎవరి జోడు వారితోనే పోటీ కనుక అన్యాయానికి తావు లేదు.

అయితే చుక్క కొనేముందు పెద్దలవారు రెండు పరీక్షలు చేయాలని మా మనవి. చుక్క గుండ్రంగా కాక నక్షత్రంలాగా, చెదిరిన కుంకుమలాగా కనబడితే, దానిని ఫోనుతో ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే లోపం సైటులో లేదు, కంటిలో ఉన్నది. కంటి వైద్యుని వద్దకు వెళ్లండి. రెండవది, పిస్తోలు పట్టినట్లు చేయి చాచి, కంటినుండి ముందరి పలకకు ఎంత దూరమో టేపుతో కొలిపించి, ఆ దూరానికి సరిపడే కళ్లద్దం వైద్యునిచేత వ్రాయించుకోండి. చాలామందికి దీనితోనే పలక మళ్లీ స్పష్టపడుతుంది. 2024 పారిస్‌లో తుర్కీ దేశపు యూసుఫ్ డికెచ్ 51 ఏళ్ల వయస్సులో, మామూలు కళ్లజోడుతో, ఒక చేయి జేబులో పెట్టుకుని, తెరపి సైటుతోనే మిశ్రమ జట్టు రజతం గెలిచిన సంగతి ఫోటోలతో సహా లోకమంతా చూచింది.

తండ్రిగారికి మా సలహా ఇది. గాజులు గాజులగానే ఉండనివ్వండి. మొదటి సంవత్సరం రేంజిలో ఇచ్చే పిస్తోలు చాలు. ఖాళీ గోడకు ఎదురుగా, గుండు లేకుండా, పలకనే చూస్తూ మీట నొక్కే సాధన రోజూ పదిహేను నిమిషాలు చేయించండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ సాధనకైనా సరే, పిస్తోలులో గుండు లేదని పెద్దవారొకరు చూచిన తరువాతనే చేతికివ్వాలి. మనది సరిహద్దు జిల్లా. బెంగుళూరూ ఉన్నది, హైదరాబాదూ ఉన్నది. బంధువులు ఎటువైపున్నారనేదానిని బట్టి కాక, పిల్ల ఏ రాష్ట్ర సంఘం తరఫున పోటీకి దిగుతుందో ముందుగా తేల్చుకుని ఆ సంఘంలోనే పేరు వ్రాయించండి. సొంత పిస్తోలు కొనవలసివచ్చినప్పుడు ఆయుధ చట్టపు నియమాలను కూడా అక్కడే అడిగి తెలుసుకోవచ్చు.

కొంతకాలం గడిచి అమ్మాయి చేయి కుదిరిన తరువాత, మణికట్టు ఎక్కడ వంగుతున్నదో చూపించడానికి గురువుగారే ఒకనాడు చుక్క సైటు తగిలించి చూపితే చూపవచ్చు. వైద్యుడు నాడి చూచినట్లు అది పరీక్షకు పనికివస్తుంది. దానిమీదనే ఆనుకోవడం నేర్పకుండా ఉంటే చాలు.

అమ్మాయి మొదటి పోటీకి వెళ్లివచ్చిన తరువాత తండ్రిగారు మాకు మరొక ఉత్తరం వ్రాయాలి. పాయింట్లు ఎన్ని వచ్చాయన్నది రెండవ మాట. చివరి పది గుండ్లలో కన్ను పలకమీద నిలిచిందా, బిళ్లమీదికి పరుగెత్తిందా అని పిల్లనే అడిగి వ్రాయవలసిందిగా కోరుతున్నాము.