పచ్చ భవనం సరే, తొవ్వ ఏది?

అది ఒక కొత్త జిల్లా కలెక్టరేట్. సోమవారం, ప్రజావాణి రోజు. వార్త కోసం పోయిన నాకు గేటు దగ్గర ఒక అవ్వ కనిపించింది. చేతిలో పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు, అర్జీ కాగితం. ఊరి నుంచి జిల్లా కేంద్రం దాకా ఆడవాళ్ల ఉచిత బస్సులో పైసా ఖర్చు లేకుండా వచ్చింది. బస్టాండు నుంచి కలెక్టరేట్ దాకా మాత్రం ఆటోకు పైసలు పెట్టుకుంది. వాపస్ పోదామంటే ఆటో నిండితే తప్ప కదలదు. ఎండలో నిలబడి నన్నడిగింది: "బిడ్డా, ఊరంత అటుంటే ఆఫీసు ఇటెందుకు కట్టిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు.

భవనం మాత్రం ముచ్చటగా ఉంది. మిద్దె మీద సోలార్ పలకలు, చుట్టూ గడ్డి, పగటిపూట లైటు అవసరం లేనంత వెలుతురు. ఇది పర్యావరణానికి మేలు చేసే భవనం అంటే ఎవరూ కాదనరు. కానీ అవ్వ అడిగిన ప్రశ్నే గ్రీన్ బిల్డింగ్ శాస్త్రంలో మొదటి ప్రశ్న. ఎక్కడ కట్టారు? అక్కడికి మనుషులు ఎట్లా వస్తారు? ఈ రెండింటికి జవాబు చెప్పకుండా ఎన్ని పలకలు బిగించినా అది పచ్చ రంగేసిన కాంక్రీటే.

గ్రీన్ బిల్డింగ్ అనే మాట హైదరాబాద్‌కు కొత్తది కాదు. కొండాపూర్‌లో సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట 'లీడ్' ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్న తొలి భవనం అదే. ఆ తర్వాత నగరం పడమటి దిక్కున అద్దాల మేడలు లేచినకొద్దీ ప్లాటినం, గోల్డ్ పలకలు లాబీల్లో వేలాడసాగాయి.

మరి ఆ రేటింగ్ ఎట్లా ఇస్తారు? 2000 తర్వాతి దశాబ్దంలో అమలైన లీడ్ నియమాలు చూడండి. మంచి పంట భూమిలో కట్టొద్దు. వందేళ్లకోసారి వచ్చే వరద మట్టానికి 5 అడుగుల ఎత్తు కూడా లేని నేలలో కట్టొద్దు. చిత్తడి నేలకు 100 అడుగుల లోపు కట్టొద్దు. అంతరించిపోతున్న జీవులున్న చోటును, ప్రజల పార్కును ముట్టుకోవద్దు. భవనం రైల్వే స్టేషన్‌కు అర మైలు లోపు, లేదా రెండు బస్సు రూట్లకు పావు మైలు లోపు ఉండాలి. అంటే ఎనిమిది వందల మీటర్లు, నాలుగు వందల మీటర్లు. సైకిళ్లకు స్టాండు ఉండాలి. పార్కింగ్ స్థానిక నిబంధన అడిగినదానికంటే పెంచొద్దు.

ఎంత మంచి మాటలు! కానీ మెలిక ఇక్కడే ఉంది. ఇవన్నీ తప్పనిసరి షరతులు కావు, మార్కులు మాత్రమే. మొత్తం 69 మార్కుల్లో స్థలం ఎంపికకు 1, రవాణాకు 4. ఈ ఐదూ పోయినా ఇంకా 64 ఉంటాయి. ప్లాటినానికి 52 చాలు. అంటే పొలంలో కట్టినా, బస్సు రాని చోట కట్టినా, లోపల మంచి ఏసీలు, మంచి అద్దాలు పెట్టి ప్లాటినం కొట్టేయవచ్చు. అసలు పరీక్ష తప్పినోడికి చేతిరాత బాగుందని ఫస్టు క్లాసు ఇచ్చినట్టే కదా!

ఈ లోపం అమెరికా వాళ్లకే తెలిసొచ్చింది. 2007లో అక్కడి 'ఎన్విరాన్‌మెంటల్ బిల్డింగ్ న్యూస్' అనే పత్రిక ఒక లెక్క తీసింది. సగటు ఆఫీసు భవనం ఏడాదికి వాడే శక్తి కంటే, ఉద్యోగులు ఆ భవనానికి వచ్చిపోవడానికి ఖర్చయ్యే శక్తి దాదాపు 30 శాతం ఎక్కువని తేల్చింది. అంటే బల్బులు మార్చి మిగిల్చినదంతా రోడ్డు మీద పెట్రోలై పోతుందన్నమాట. తర్వాత లీడ్ నియమాలు మారాయి. 2013లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో స్థలం, రవాణాలకు విడిగా ఒక విభాగమే పెట్టారు, మార్కులు పెంచారు. అయినా అవి మార్కులే, షరతు కాదు.

మన హైటెక్ సిటీ కథ ఈ లెక్కకు సజీవ సాక్ష్యం. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. 2003లో ఎంఎంటీఎస్ వచ్చింది. ఒక స్టేషన్‌కు హైటెక్ సిటీ పేరు కూడా పెట్టారు. కానీ అక్కడ దిగినవాళ్లు ఆఫీసుకు పోవాలంటే మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరింది 2019 మార్చిలో. అంటే ముందు ఆఫీసులు, ఆ తర్వాత ఫ్లైఓవర్లు, ఇరవై ఏళ్లు దాటాక మెట్రో. ఈ మధ్యలో ఒక తరం ఉద్యోగుల బతుకు ట్రాఫిక్‌లో కరిగిపోయింది. బస్సును ముందే ఆలోచించి ఉంటే ఇన్ని కార్లు కొనే అవసరం ఎవరికుండేది?

ఇక నీళ్ల సంగతి. 1908 సెప్టెంబరులో మూసీ నగరాన్ని ముంచేసింది. ఆ గుణపాఠంతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో అడ్డగోలు నిర్మాణాలు వద్దని 1996లో 111 జీవో తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. రేపు ఆ ఊళ్లలో టవర్లు లేస్తే వాటికీ రేటింగులు వస్తాయి. వాన నీటిని ఒడిసిపట్టే గుంతలు తవ్వామని గొప్పలు కూడా చెప్తారు. జంట జలాశయాలకు పోయే నీటి దారిలో మేడ కట్టి, పక్కన గుంత తవ్వి, నీళ్లు కాపాడామంటే నమ్మాలా?

2020 అక్టోబరు వానలకు నగరంలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు చూశాం. చెరువు శిఖంలో కట్టిన ఇంట్లోకి చెరువే తిరిగి వచ్చింది. 2024లో హైడ్రా పెట్టి కూల్చడం మొదలుపెట్టారు. కూల్చేటప్పుడు రోడ్డున పడేది అప్పు చేసి ఇల్లు కొన్న మనిషి. పర్మిషన్ ఇచ్చిన సంతకం మాత్రం ఫైల్లో భద్రంగా ఉంటుంది. స్థలం ఎంపిక అంటే ఇదే. కట్టకముందు ఒక్క రోజు ఆలోచిస్తే, కట్టినంక కూల్చే పని ఉండదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో ఎందుకు వచ్చిందో విద్యార్థి మిత్రులకు చెప్పనక్కర్లేదు. ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో అదొకటి. ఆ క్యాంపస్‌ను ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025 మార్చిలో బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, దెబ్బలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. చెట్లు నరికి, నెమళ్లను తరిమి, అక్కడ కట్టే ఐటీ భవనానికి ప్లాటినం రేటింగ్ వస్తే ఆ పలకను ఏ గోడకు వేలాడదీస్తారు?

సర్కారు భవనాల దగ్గరికి మళ్లీ వద్దాం. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. అన్ని శాఖలు ఒకే చోట ఉండేలా కలెక్టరేట్లు కట్టాలనుకోవడం మంచి ఆలోచనే. చిక్కంతా స్థలంతోనే వచ్చింది. సర్కారు జాగ ఎక్కడ ఖాళీగా దొరికితే అక్కడ పునాది వేస్తే, చాలాచోట్ల ఆఫీసు ఊరి బయట పడింది. రంగారెడ్డి కలెక్టరేట్ ఒకప్పుడు లక్డీకాపూల్‌లో ఉండేది. అక్కడికి రైలుంది, మెట్రో ఉంది, నలుదిక్కుల నుంచి బస్సులున్నాయి. 2022 ఆగస్టులో కొంగరకలాన్‌లో కొత్త భవనం ప్రారంభమైంది. చేవెళ్ల మనిషికి కారుంటే ఔటర్ రింగు రోడ్డు ఉంది. కారు లేకపోతే? బస్సులు మారుతూ పోవాల్సిందే.

ఊరి నడుమ అంత జాగ ఎక్కడిదని అధికారులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఖాళీ అయిన పాత ఆఫీసుల జాగలున్నాయి కదా! అడ్డంగా పరిచే బదులు రెండంతస్తులు ఎత్తుగా కట్టొచ్చు. నిజంగా బయటే కట్టాల్సి వస్తే, రిబ్బన్ కత్తిరించిన రోజే గంటకు నాలుగు బస్సులు ఆ గేటు ముందు ఆగాలి. ఆర్టీసీకి నష్టమంటారా? రోడ్డుకు, పార్కింగుకు పెట్టిన ఖర్చును ఎవరైనా నష్టమన్నారా? బస్సు దగ్గరికొచ్చేసరికే లాభనష్టాలు ఎందుకు గుర్తొస్తాయి?

మనం అడగాల్సినవి మూడే. ఒకటి, చెరువు శిఖం, నాలా, పంట భూమి, అడవి అయితే ఆ స్థలంలో ఏ భవనానికీ పర్మిషన్ ఇవ్వొద్దు, రేటింగ్ అసలే ఇవ్వొద్దు. రెండు, ప్రజల సొమ్ముతో కట్టే ప్రతి ఆసుపత్రి, కాలేజీ, ఆఫీసు బస్టాపుకు నాలుగు వందల మీటర్ల లోపు ఉండాలి. దీన్ని మార్కుగా కాదు, షరతుగా పెట్టాలి. మూడు, కార్ల పార్కింగ్ కంటే ముందు బస్‌షెల్టరు, నడిచే బాట, సైకిల్ స్టాండు ప్లానులో కనిపించాలి.

ఉద్యోగ సంఘాల మిత్రులారా, రోజూ ఆ ఆఫీసులకు పోయేది మీరే. పీఆర్సీ, డీఏలతో పాటు ఈ డిమాండును కూడా మీ మెమోరాండంలో రాయండి. విద్యార్థులారా, మీ జిల్లాలో కొత్త భవనానికి స్థలం ఎవరు, ఏ లెక్కన ఎంపిక చేశారో సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెట్టి అడగండి. నీళ్ల కోసం కొట్లాడినోళ్లం చెరువులను మింగే మేడలను చూస్తూ ఊరుకుంటే ఎట్లా?

ఆ రోజు అవ్వ పని కాలేదు. సారు మీటింగులో ఉన్నాడు, వచ్చే సోమవారం రమ్మన్నారు. మళ్లీ ఆటో, మళ్లీ కిరాయి. ఆ కిరాయి మన సర్కారు లెక్కల్లో ఎక్కడా కనిపించదు. అది కనిపించేదాకా మన భవనాలు ఎంత పచ్చగా ఉన్నా అవి అవ్వవి కావు.