మాస్కు శుభ్రం.. ఊపిరితిత్తులకు భారం!

సీప్యాప్ పరికరాలకు ఓజోన్ యంత్రాల వాడకంపై అప్రమత్తత అవసరం

నిద్రలో శ్వాస నిలిచిపోయే జబ్బుకు వాడే సీప్యాప్ పరికరాలను శుభ్రం చేస్తామంటూ ఓజోన్ యంత్రాలు విపణిలోకి వచ్చాయి. సబ్బు అక్కర్లేదు, నీరు అక్కర్లేదు, మీట నొక్కితే చాలు సూక్ష్మజీవులన్నీ నశిస్తాయన్నది వీటి ప్రచార సారాంశం. అమెరికాలో పుట్టి పెరిగిన ఈ వ్యాపారం ఆన్‌లైన్ దుకాణాల ద్వారా, అక్కడ స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులకు పంపే సామగ్రి ద్వారా మన పల్లెలు, పట్టణాలకూ చేరేందుకు ఆస్కారం ఉంది. అయితే క్రిములను చంపగలిగే మోతాదులో ఉన్న ఓజోన్ మనిషి ఊపిరితిత్తులకు సైతం హానికరమే. ఊపిరి నిలబెట్టుకోవడానికి వాడే పరికరంలోకి ఊపిరికి చేటు చేసే వాయువును పంపడం ఎంతవరకు సమంజసమన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

శుభ్రత ఎందుకు కష్టమవుతోంది?

గురక పెట్టేవారిలో కొందరికి నిద్రలో గొంతు భాగంలోని కండరాలు వదులై గాలి మార్గం మూసుకుపోతుంది. కొన్ని సెకన్ల పాటు ఊపిరి ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఉలిక్కిపడి మేల్కొంటారు. రాత్రంతా ఇదే తంతు. వైద్య పరిభాషలో దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిర్లక్ష్యం చేస్తే రక్తపోటు, గుండె జబ్బులు ముదిరే ప్రమాదం ఉంది. పగలు కునుకుపాట్లతో వాహనాలు నడిపి ప్రమాదాల బారిన పడేవారూ ఉంటారు. ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివాన్ 1981లో ప్రపంచానికి తెలియజేసిన సీప్యాప్ చికిత్స ఇలాంటి వారికి వరమైంది. మాస్కు ద్వారా నిరంతరాయంగా గాలి ఒత్తిడిని పంపి శ్వాసమార్గం మూసుకుపోకుండా చూడడమే ఇందులోని కిటుకు.

ఈ పరికరంలో మాస్కు, ఆరడుగుల గొట్టం, గాలికి తేమను అందించే నీటి పాత్ర, వడపోత ముఖ్య భాగాలు. రోజూ ఆరేడు గంటలు ముఖానికి అంటిపెట్టుకుని ఉండే మాస్కుకు చెమట, జిడ్డు, లాలాజలం పడతాయి. గొట్టంలో తేమ నిలుస్తుంది. కడగకపోతే దుర్వాసన వస్తుంది, బూజు పడుతుంది, చర్మంపై దద్దుర్లు లేస్తాయి. రోజూ కడగాలంటే కీళ్లనొప్పులున్న వృద్ధులకు, ఒంటరిగా ఉండేవారికి అది శ్రమే. సరిగ్గా ఈ ఇబ్బందినే వ్యాపారులు సొమ్ము చేసుకున్నారు. కొన్ని యంత్రాల ధర వందల డాలర్లు ఉన్నా కొనుగోలుదారులు వెనుకాడలేదు.

పైన రక్ష.. కింద శిక్ష

ఓజోన్ అనగానే భూమికి గొడుగు పట్టే పొర గుర్తుకొస్తుంది. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఆ పొర మనకు రక్షణ కవచమన్నది పాఠశాల పిల్లలకూ తెలుసు. ఆ మంచి పేరే ఈ యంత్రాల అమ్మకాలకు పెట్టుబడి అయింది. కానీ ఆకాశంలో మేలు చేసే ఓజోన్, మనం పీల్చే గాలిలో చేరితే కాలుష్య కారకం. మన దేశంలో 2009లో ప్రకటించిన జాతీయ వాయు నాణ్యత ప్రమాణాల్లోనూ ఓజోన్‌ను కాలుష్యాల జాబితాలోనే చేర్చారు. ఘనపు మీటరు గాలిలో 8 గంటల సగటున 100 మైక్రోగ్రాములు, ఒక గంటకైతే 180 మైక్రోగ్రాములు మించరాదన్నది నిబంధన.

ప్రాణవాయువులో రెండు పరమాణువులుంటే ఓజోన్‌లో మూడుంటాయి. ఆ మూడోది నిలకడగా ఉండదు. ఎదురైన పదార్థంతో చర్య జరిపి దాన్ని ఛిద్రం చేస్తుంది. బ్యాక్టీరియా పైపొర ఛిద్రమయ్యేది ఇందువల్లే. అయితే ఈ వాయువుకు బ్యాక్టీరియా వేరు, మన శ్వాసనాళాల పొర వేరు అన్న విచక్షణ లేదు. అది రెంటినీ ఒకే తీరున దెబ్బతీస్తుంది. గొంతు మంట, దగ్గు, ఛాతీ బిగుసుకుపోవడం దీని తొలి లక్షణాలు. ఉబ్బసం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. సీప్యాప్ వాడేవారిలో ఈ జబ్బులున్న వారూ ఉంటారన్నది మరువరాదు.

అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు వైద్య పరికరాల నుంచి గది గాలిలో చేరే ఓజోన్ పది లక్షల భాగాల గాలిలో 0.05 భాగాలకు మించరాదని నిర్దేశించాయి. క్రిములను చంపాలంటే మనిషి భరించగలిగే మోతాదు కంటే ఎంతో ఎక్కువ ఓజోన్ కావాలని ఆ నిబంధనలే స్పష్టం చేస్తున్నాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, మనిషికి సురక్షితమైన మోతాదులో అది క్రిములను చంపలేదు. క్రిములను చంపే మోతాదులో మనిషికి సురక్షితం కాదు.

అమెరికాలో హెచ్చరిక

ఓజోన్ వాయువుతోనో, అతినీలలోహిత కాంతితోనో సీప్యాప్‌ను శుభ్రం చేస్తామంటూ అమ్ముతున్న యంత్రాలకు చట్టబద్ధమైన అనుమతి లేదని ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. 2017 జనవరి నుంచి 2019 వరకు ఓజోన్ యంత్రాలు వాడిన రోగుల నుంచి తమకు 11 నివేదికలు అందినట్లు వెల్లడించింది. దగ్గు, ఊపిరి అందకపోవడం, ముక్కులో మంట, తలనొప్పి, ఉబ్బసం తిరగబెట్టడం వాటిలో ప్రధానమైనవి. 11 అన్నది చిన్న సంఖ్యే. కానీ ఉదయం వచ్చిన తలనొప్పికి రాత్రి వాడిన పెట్టె కారణమని ఎందరు గుర్తించగలరు? గుర్తించినా ఎందరు ఫిర్యాదు చేస్తారు?

గొట్టం అతుకుల వద్ద, వడపోతల వద్ద, మాస్కు ఉంచే పెట్టె అంచుల నుంచి ఓజోన్ బయటికి రావచ్చన్నది ఎఫ్‌డీఏ హెచ్చరికలోని మరో ముఖ్యాంశం. గాలి సరిగా ఆడని గదిలో అది ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. దోమల భయంతో కిటికీలు మూసుకునే మన ఇళ్లకు, చల్లదనం పోకుండా తలుపులు బిగించే ఏసీ గదులకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. మంచం పక్కన బల్లపైనే ఆ పెట్టె ఉంటే ఇక చెప్పేదేముంది?

ఈ వ్యాపారంలో పేరొందిన సోక్లీన్ సంస్థ యంత్రాలపై 2023 నవంబరులో ఎఫ్‌డీఏ మరోసారి ప్రజలను అప్రమత్తం చేసింది. అప్పటికే అమ్మిన యంత్రాలకు దిద్దుబాటు చర్యలను ఆ సంస్థ చేపట్టింది. తదనంతరం 2024లో అదే సంస్థకు చెందిన ఒక కొత్త నమూనాకు బ్యాక్టీరియాను తగ్గించే సహాయక సాధనంగా అనుమతి లభించింది. ఒక నమూనాకు వచ్చిన అనుమతిని చూపి పాత యంత్రాలను, ఊరూ పేరూ లేని పెట్టెలను అమ్మజూపితే మోసపోరాదు. అనుమతి పొందినది సైతం సహాయక సాధనమే తప్ప సబ్బు నీటికి ప్రత్యామ్నాయం కాదు.

ఫోమ్ వివాదం నేర్పిన పాఠం

ఓజోన్ ప్రభావం మనుషులకే పరిమితం కాలేదు. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా లక్షలాది సీప్యాప్, బైప్యాప్, వెంటిలేటర్ యంత్రాలను వెనక్కి పిలిచింది. శబ్దం తగ్గించేందుకు వాటి లోపల అమర్చిన ఫోమ్ పొడిపొడిగా రాలి రోగి ఊపిరిలోకి చేరవచ్చన్నది కారణం. వేడి, తేమ వల్ల ఫోమ్ చెడిపోతుందని, ఓజోన్‌తో శుభ్రం చేస్తే మరింత త్వరగా పాడవుతుందని సంస్థ ప్రకటించింది.

అమెరికా, కెనడాల నుంచి తిరిగొచ్చిన డ్రీమ్‌స్టేషన్ తొలితరం యంత్రాలను పరిశీలించిన వివరాలను 2022లో ఫిలిప్స్ బయటపెట్టింది. ఓజోన్ వాడలేదని చెప్పినవారి 36,341 యంత్రాల్లో 164 యంత్రాల ఫోమ్ కంటికి కనిపించేంతగా దెబ్బతింది. ఓజోన్ వాడామన్నవారి 11,309 యంత్రాల్లో ఆ సంఖ్య 777. అంటే మొదటి వర్గంలో అర శాతం లోపు, రెండో వర్గంలో దాదాపు 7 శాతం. తేడా సుమారు 14 రెట్లు.

ఈ లెక్కలు ఫిలిప్స్ చెప్పినవే కనుక ఆచితూచి చూడాలి. తప్పును పక్కవాడిపై నెట్టే అవసరం ఆ సంస్థకు ఉంది. తమ ఫోమ్ లోపాన్ని కప్పిపుచ్చుకునేందుకే తమను నిందిస్తున్నారంటూ సోక్లీన్ సంస్థ 2021 అక్టోబరులో కోర్టును ఆశ్రయించింది. ఓజోన్ తగలని యంత్రాల్లోనూ కొన్ని చెడిపోయాయన్నది నిజమే కాబట్టి లోపం ఫోమ్‌లోనూ ఉన్నట్లే. ఎవరి వాదన ఎలా ఉన్నా ఇద్దరి మధ్య నలిగింది రోగి. యంత్రం చెడితే శుభ్రపరిచే పెట్టెను చూపుతారు. పెట్టెను నిలదీస్తే యంత్రాన్ని చూపుతారు. తయారీదారు సూచించని పద్ధతిలో శుభ్రం చేస్తే ఆ తరువాత గ్యారంటీ అడిగే హక్కూ బలహీనపడుతుంది.

మన చట్టం ఏమంటోంది?

మన దేశంలో 2020 ఫిబ్రవరి 11న వెలువడిన ప్రకటన ప్రకారం వైద్య పరికరాలన్నీ ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. వైద్య పరికరాలను క్రిమిరహితం చేసే సాధనాలు కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. కనుక సీప్యాప్ శుద్ధి కోసమని అమ్మే ఓజోన్ యంత్రాన్ని మామూలు గృహోపకరణంగా చూడడానికి వీల్లేదు. అయినా కూరగాయలు, బొమ్మలు, సెల్‌ఫోన్లు శుభ్రం చేసే పెట్టెగా పేరు మార్చి అమ్మితే నిఘాకు చిక్కడం కష్టం. కరోనా రోజుల్లో క్రిమిసంహారక పరికరాలపై పెరిగిన మోజు ఇలాంటి సరకుకు దారి వేసింది. బిల్లుపై తయారీదారు చిరునామా, లైసెన్సు వివరాలు అడిగే అలవాటు కొనుగోలుదారులకు రావాలి. ఔషధ నియంత్రణ అధికారులు మందుల దుకాణాలతో పాటు ఆన్‌లైన్ అమ్మకాలపైనా దృష్టి సారించాలి.

వైద్య పరికరాల వల్ల కలిగే దుష్ప్రభావాల నమోదుకు 2015లో కేంద్రం ఒక పథకాన్ని ప్రారంభించింది. ఘజియాబాద్‌లోని భారత ఔషధ ప్రమాణాల సంస్థ దీనికి కేంద్ర స్థానం. ఓజోన్ యంత్రం వాడాక దగ్గు, ఆయాసం వస్తే ఆ విషయాన్ని వైద్యుడి దృష్టికి తెచ్చి అక్కడ నమోదయ్యేలా చూస్తే మరికొందరికి మేలు జరుగుతుంది.

సబ్బు నీరే శ్రీరామరక్ష

ఓజోన్ క్రిములను చంపినా మురికిని తొలగించలేదు. మాస్కుపై పేరుకున్న జిడ్డు, గొట్టంలోని దుమ్ము, నీటి పాత్రలోని పాచి అలాగే ఉంటాయి. అతినీలలోహిత కాంతి పెట్టెలదీ ఇదే లోపం. కాంతి నేరుగా పడిన చోటే దాని ప్రభావం. మెలికలు తిరిగిన గొట్టం లోపలికి అది చేరదు. తయారీ సంస్థల సూచనలు మాత్రం సులభమైనవే.

* ముఖానికి తగిలే మాస్కు భాగాన్ని రోజూ గోరువెచ్చని నీటిలో గాఢత తక్కువగా ఉన్న సబ్బుతో కడగాలి.

* గొట్టాన్ని వారానికోసారి సబ్బు నీటితో కడిగి, మంచినీటితో జాడించి, నీడలో వేలాడదీసి ఆరబెట్టాలి. ఎండలో వేస్తే ప్లాస్టిక్, సిలికాన్ భాగాలు పాడవుతాయి.

* నీటి పాత్రలో నీటిని ఏ రోజుకారోజు పారబోయాలి. డిస్టిల్డ్ వాటర్ వాడడం ఉత్తమం. ఉప్పు, సున్నం అధికంగా ఉండే బోరు నీరు పోస్తే అడుగున తెల్లటి పొర కడుతుంది.

* బ్లీచింగ్, స్పిరిట్, ఘాటైన క్రిమినాశకాలు వాడరాదు.

* యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన గడువు ప్రకారం వడపోతను మార్చాలి.

ఇప్పటికే ఓజోన్ యంత్రం ఉన్నవారు దాన్ని పక్కన పెట్టి వైద్యుడిని సంప్రదించడం మేలు. జిరాక్స్ యంత్రం దగ్గర వచ్చేలాంటి ఘాటు వాసన మాస్కులో ఉంటే కడిగి, గాలికి ఆరబెట్టే వరకు ధరించరాదు. ఆ వాసన శుభ్రతకు గుర్తు కాదు, వాయువు ఇంకా మిగిలి ఉందనడానికి నిదర్శనం. కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడుతుంది కనుక వాసన తగ్గిందని ధీమా పడడం కూడా సరికాదు.

విదేశాల నుంచి బంధువులు తెచ్చిన, లేదా ఒకరు వాడగా మరొకరు కొన్న యంత్రాల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. అవి 2021 ఏప్రిల్ 26కు ముందు తయారైన ఫిలిప్స్ యంత్రాలైతే వెనక్కి పిలిచిన జాబితాలో ఉన్నాయేమో క్రమసంఖ్య ఆధారంగా సంస్థను అడిగి తెలుసుకోవాలి. అలాగని భయపడి చికిత్సను అర్ధంతరంగా ఆపేయడం అంతకంటే ప్రమాదం. మాస్కు తీసేస్తే మళ్లీ ఊపిరి ఆగే రాత్రులే ఎదురవుతాయి. యంత్రం మార్చాలన్నా, మానాలన్నా నిర్ణయం వైద్యుడి సలహాతోనే జరగాలి.

పిల్లలు దూరాన ఉండి వందల డాలర్లు వెచ్చించి పంపే పెట్టె కన్నా, ఇంట్లో ఉన్నవారు రోజుకు ఐదు నిమిషాలు వెచ్చించి మాస్కు కడిగిపెట్టడమే పెద్దలకు ఎక్కువ మేలు చేస్తుంది. చేతులు సహకరించని వారి విషయంలో ఆ బాధ్యతను కుటుంబం తీసుకోవాలి. యంత్రం ఇచ్చేటప్పుడే కడిగే విధానాన్ని రోగికి, ఇంటివారికి చేసి చూపించే బాధ్యతను ఆసుపత్రులు, విక్రేతలు స్వీకరించాలి. ఆ పని సక్రమంగా జరిగితే ఓజోన్ పెట్టెలకు మన ఊళ్లలో గిరాకీయే ఉండదు.