పాత కంప్యూటర్, సన్న తీగ

"గ్యారేజీలో ఉన్న పాత కంప్యూటర్లని రూటర్లు చేస్తానంటున్నాడు మావాడు, అది అయ్యే పనేనా?" అని గ్రూపులో ఒక అక్క అడిగారు. ఈ నెల దాని గురించే చెప్పుకుందాం.

అయ్యే పనే అక్కా! రూటర్ పని పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలాంటిది. వచ్చిన ప్యాకెట్ మీద అడ్రస్ చూసి, సరైన దారిలో పంపడమే. లైన్ నెమ్మదైనదైతే చిన్న మిషనే సరిపోతుంది.

అమెరికాలోనే జరిగింది చూడండి. 1986లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాళ్లు ఆరు సూపర్ కంప్యూటర్ సెంటర్లని కలిపారు. కార్నెల్, ప్రిన్స్‌టన్, పిట్స్‌బర్గ్, ఇల్లినాయ్, బౌల్డర్, శాన్ డియేగో. మధ్యలో రూటర్లుగా పెట్టింది మాత్రం పీడీపీ-11 రకం చిన్న కంప్యూటర్లే. డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ మిల్స్ రాసిన ప్రోగ్రామ్ వాటిలో నడిచేది. వాటిని "ఫజ్‌బాల్స్" అనేవారు. లైన్ స్పీడ్ సెకనుకి 56 కిలోబిట్లు. ఆ లెక్కన 3 ఎంబీ ఫొటో ఒక్కటి వెళ్లడానికి ఏడు నిమిషాలు పడుతుంది! రద్దీ పెరిగి 1988లో లైన్లూ మార్చారు, మిషన్లూ మార్చారు.

తర్వాత మామూలు పీసీలతో కూడా చేశారు. పీసీ వెనకాల సీరియల్ పోర్ట్ ఉండేది కదా, అందులో బిట్లు ఒకదాని వెనక ఒకటి క్యూలో వెళ్తాయి. మొదటి పీసీల్లో ఆ పోర్ట్ చిప్ ఒక్క అక్షరమే పట్టుకోగలదు. కంప్యూటర్ దాన్ని తీసుకోవడం ఆలస్యమైతే తర్వాతది వచ్చి పడి మొదటిది పోయేది. తర్వాత 16 అక్షరాలు ఆపుకునే 16550 చిప్ వచ్చాక ఆ బాధ తగ్గింది.

నర్సు చెల్లెళ్లూ, ఈ పోర్ట్ మనకి కొత్త కాదు. చాలా మానిటర్లకి, వెంటిలేటర్లకి వెనకాల ఇప్పటికీ ఉంటుంది. దానికి ఒక చిన్న పెట్టె తగిలిస్తే అంకెలు నెట్‌వర్క్ మీదుగా చార్ట్‌లోకి వెళ్తాయి. చేత్తో ఎక్కించే పనీ, అంకె తప్పుపడే భయమూ తగ్గుతాయి. అందుకే పేషెంట్‌ని గది మార్చాక చార్ట్‌లో అంకెలు రాకపోతే ఆ తీగ కూడా ఒకసారి చూడండి. వచ్చే అంకెలు ఆ పేషెంట్‌వేనా అన్నది కూడా సరిచూసుకోండి.

ఇక అక్క ప్రశ్నకి జవాబు. రెండు పాత కంప్యూటర్లు, మధ్య ఒక నల్ మోడెమ్ కేబుల్ ఇచ్చి బాబుని చేసుకోనివ్వండి. నెట్‌వర్క్ అంటే ఏంటో చేతికి అందుతుంది. కానీ ఇంటి ఇంటర్నెట్‌కి మాత్రం దాన్ని పెట్టకండి. పాత సాఫ్ట్‌వేర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. పైగా 60 వాట్ల మిషన్ రాత్రింబగళ్లు నడిస్తే ఏడాదికి 525 యూనిట్ల కరెంటు! ఇంకో మాట. పిల్లాడి చేతికిచ్చే ముందు హార్డ్ డిస్క్‌లో పాత ట్యాక్స్ కాగితాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయేమో చూసి పూర్తిగా తుడిపించండి.

వచ్చే నెల ఇంకో ప్రశ్నతో కలుద్దాం.